వేడి చూసిన దిక్కు

"నా ఇత్తడి పలక ఎవరు తోమిన్రు?"

నకిరేకల్‌లో గోవిందమ్మ ఇంట్లో కిరాయికి దిగిన ఫిజిక్స్ లెక్చరర్ అమరేందర్, ఆ ఇంటి బిడ్డ యశోదతో మాట్లాడిన మొదటి మాట ఇది. అదీ అరుపే.

"నేనే సార్. మసి పట్టి గలీజుగుంటే చింతపండు పెట్టి తోమిన. తప్పా?"

అమరేందర్ నెత్తి పట్టుకున్నాడు. ఆ పలక నిండా రంపపు పళ్లలాగా సన్నటి గట్లు. ప్రతి గట్టుకూ ఒక వాలుకు తనే మసి పూసి, రెండోది మెరుస్తూ ఉంచాడు. మెరిసే వాలు వేడిని అంతగా వదలదు, మసి వాలు బాగా వదులుతుంది. కింద హీటర్ పెడితే వేడి ఎక్కువగా మసి చూసే దిక్కుకే పోతుంది. విజయవాడ పోతున్న ప్రొఫెసర్ రేపు పొద్దున దారిలో దిగి దీన్ని చూస్తానన్నాడు. ఆయనకు నచ్చితేనే పీహెచ్‌డీ సీటు.

"వేడికి గూడ దిక్కు చూపెడ్తరా?" యశోదకు నవ్వొచ్చింది. అతని ముఖం చూసి ఆపుకుంది. "ఫికర్ చెయ్యకున్రి. ఖరాబు చేసింది నేనే, బాగు చేసేది గూడ నేనే."

సాయంత్రం వాకిట్లో దీపం మసి పట్టి, గట్టుకో వాలు చొప్పున కాటుక దిద్దినట్లు వేలితో దిద్దింది. పక్కనే కూర్చున్న అమరేందర్‌కు ఆ సాయంత్రం చాలా తొందరగా అయిపోయింది.

తెల్లారి చలిలో ప్రొఫెసర్ కుడివైపు కుర్చీలో కూర్చున్నాడు. హీటర్ ఎర్రబడింది.

"నాకేం తగలడం లేదే!"

అమరేందర్ హీటర్ వైపు వంగి చూశాడు. సీటు పోయినట్లే అనుకున్నాడు.

ఎడమవైపు గడపలో నిలబడ్డ యశోద చెంప తడుముకుంది. "సార్, నాకు సుర్రుమంటాంది!"

గబగబా వచ్చి, మసిబట్టతో పలకను అటుదిటు తిప్పింది. ప్రొఫెసర్ చెంప వెచ్చబడింది. ఆయన గట్టిగా నవ్వాడు.

"భేష్! సీటు నీదే. కానీ మసి ఏ వైపు పెట్టారో చూసుకోవద్దటయ్యా?"

"నిన్న పలకను చూడలే సార్."

"మరెటు చూసినవ్ బిడ్డా?" చాయ్ తెచ్చిన గోవిందమ్మ అడిగింది.

అమరేందర్ దాచలేదు. "మీ యశోదనే చూసినమ్మా. ఆమె ఒప్పుకుంటే చేసుకుంటా."

యశోద తల వంచుకుని పలకను మళ్లీ తిప్పింది. ఈసారి మసి అమరేందర్ వైపు చూసింది.

గోవిందమ్మ అది చూసి అమరేందర్ చేతికి గ్లాసిచ్చింది. "చాయ్ తాగు బిడ్డా. తాగి, మీ బాపును జర తోల్కరాపో."