నలుగురికి వండటం రాని అమ్మాయి

తలుపు తీసేసరికి గిన్నె ఎదురొచ్చింది. దాని వెనకాల ఒక అమ్మాయి.

"కింద ఓనరు గారమ్మాయినండీ. కూర ఎక్కువైంది, తీసుకోండి."

"ఏం కూర?"

"వంకాయ."

"అయ్యో, నాకు పడదండీ. ఒక్క ముక్క తిన్నా మూతి వాచిపోతుంది."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "వంకాయ తినకుండా ఇన్నాళ్లూ ఎలా బతికారండీ?" అని గిర్రున తిరిగి, గిన్నెతో సహా మెట్లు దిగిపోయింది.

ఎంత పొగరు అనుకున్నాను. అనుకుంటూనే ఆమె దిగినంతసేపూ గుమ్మంలో నిలబడ్డాను.

ఆమె సంగతి ఓనరాంటీ చెప్పింది. ఎక్కడో విదేశంలో వరద బాధితుల క్యాంపులో వాలంటీరట. పూటకి ఐదొందల మందికి వంట. సెలవు మీద ఇంటికొచ్చింది గానీ, చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది.

"నలుగురికి వండవే తల్లీ అంటే బస్తా వంకాయలు దింపింది బాబూ! కూర బకెట్లో కలుపుతోంది!" అని ఆంటీ తల పట్టుకుంది.

మర్నాడు మళ్లీ గిన్నె వచ్చింది. ఈసారి బంగాళాదుంప. ఆ మర్నాడు బెండకాయ. ఉప్పు కాస్త ఎక్కువ. అబద్ధమెందుకు, చాలా ఎక్కువ. అయినా గిన్నె తుడిచి మరీ తిన్నాను. నాది కళ్లజోళ్ల షాపులో పని. అందరూ నేనిచ్చిన జోడు పెట్టుకుని ఇంకెవరినో చూసేవాళ్లే. నాకోసం ఒక మనిషి మెట్లెక్కి రావడం ఇదే మొదలు.

"ఎలా ఉంది?" అని రోజూ అడిగేది.

"అద్భుతం!" అనేవాణ్ణి, రెండో చెంబు నీళ్లు తాగుతూ.

రేపు ఆమె తిరుగు ప్రయాణం. వెళ్లేలోగా మనసులో మాట చెప్పేయాలని, కొత్త చొక్కా తెచ్చుకోవడానికి టైలర్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన కుట్టుమిషను మీద అచ్చం అలాంటి గిన్నే!

"ఇదెవరిచ్చారు బాబాయ్?"

"ఇంకెవరు, ఓనరు గారమ్మాయి. వీధి వీధంతటికీ ఇస్తోందిగా. ఆఖరికి వాచ్‌మన్ కుక్కక్కూడా."

నేనూ, ఆ కుక్కా ఒకటేనా? ఉక్రోషం పట్టలేక ఆయన గిన్నెలోంచి ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది! నాకంటే టైలర్‌కే బాగా వండిందని ఏడుపొచ్చి, ఇంకో రెండు చెంచాలు తిన్నాను.

పెదవి చుర్రుమంది.

"బాబాయ్... ఇదేం కూర?"

"వంకాయేగా! వారం నుంచీ అందరికీ అదే. కళ్లజోళ్లు అమ్మేవాడివి, కనపళ్లా?"

నిజంగానే కనపళ్లేదు. అందరికీ వంకాయ. నాకొక్కడికే బంగాళాదుంప, బెండకాయ! చొక్కా సంగతి మర్చిపోయి, పరుగున ఓనరు గారింట్లో పడ్డాను.

ఆమె సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతోంది. నన్ను చూసి కెవ్వుమంది. "మీకు వంకాయ ఎవరు పెట్టారు?"

"నేనే తిన్నా. నాకు విడిగా వండుతున్నారా?"

ఆమె మొహం ఎర్రబడింది. "ఐదొందల మందికైతే కళ్లు మూసుకుని వండుతానండీ. ఒక్కడికి వండటం ఎంత కష్టమో! ఉప్పెంతెయ్యాలో తెలిస్తేగా? మీరు అద్భుతం అన్నారు కాబట్టి సరిపోయిందనుకున్నా."

"సరిపోయింది. మీరంటే నాకు చాలా ఇష్టమండీ." వాచిన మూతితో చెప్పాల్సిన మాట కాదు గానీ, రేపు ఆమె ఉండదు కదా.

ఆమె నవ్వు ఆపుకోలేక సూట్‌కేసు మీంచి కిందికి జారింది. లేచి కూర్చుని నెమ్మదిగా అంది. "నాకూ ఇష్టమే. కానీ ఆగిపోను. అక్కడ ఐదొందల కంచాలు నాకోసం చూస్తుంటాయి."

"ఆగమని ఎవరన్నారు? అక్కడ కళ్లజోళ్లు అక్కర్లేదా?"

ఆమె కళ్లు మెరిశాయి. "బియ్యం ఏరే ముసలమ్మలకి రాళ్లు కనపడి చావట్లేదు. జీతం ఉండదు మరి."

"భోజనం?"

"లైన్లో నిలబడాలి."

"పెళ్లి చేసుకుని నిలబడండర్రా!" తలుపు వెనక నుంచి ఓనరాంటీ ఊడిపడింది. "ముందీ మాత్ర మింగు నాయనా. ఈ మూతితో నిన్ను అల్లుడంటే మా ఆయన జడుసుకుంటారు."

ఇప్పుడు కళ్లజోళ్ల పెట్టెతో నేనూ ఆ క్యాంపులోనే ఉన్నాను. ఐదొందల మందీ తిని, కూర భలే కుదిరిందంటారు. నా గిన్నె మాత్రం విడిగా వస్తుంది.

"ఎలా ఉంది?" అంటుంది మా ఆవిడ.

"అద్భుతం!" అంటాను, రెండో చెంబు అందుకుంటూ.