హామరా వాగు మరలో ఫిడేలు

హామరా వాగు మీది పాత నీటిమర పేరెత్తితే మా దీవిలో ముసలాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. మర ఆగిపోయి ఎన్నేళ్ళయిందో! రాతిగోడలు, గడ్డికప్పు, నేలచెక్కల కింద వాగునీళ్ళు సుడితిరిగే గొయ్యి... ఆ గొయ్యిలో ‘కొండకింది వాళ్ళు’ అనే మాయమనుషులు కాపురముంటారట. వాళ్ళకి ఫిడేలంటే పిచ్చి. బాగా వాయించే చెయ్యి ఒంటరిగా దొరికితే వదలరట.

పెళ్ళిళ్ళలో మేం వాయించే మరవాగు బాణీ పుట్టింది అక్కడే. ఎలాగంటే—

రాస్మీ అని ఒక జాలరి. ఊరికి ఫిడేలు వాయించేది అతనే. అతని పెళ్ళాం ఓస్లా. ఆ చలికాలం ఆమె తీరు మారింది. చీకటి పడగానే శాలువా కప్పుకుని, "అక్క దగ్గరికెళ్ళొస్తా" అనేది. తిరిగొచ్చేసరికి కళ్ళలో ఏదో వెలుగు.

ఒక సాయంత్రం ఆ అక్కే గుమ్మంలోకొచ్చి, "ఓస్లా ఏదయ్యా? మా ఇంటి మొహమే చూడ్డం మానేసింది!" అంది.

రాస్మీ గుండెలో ముల్లు దిగింది.

లాంతరు కూడా తీసుకోకుండా బయటికొచ్చాడు. మంచులో ఓస్లా అడుగులు... అక్క ఇంటివైపు కాదు. వాగువైపు.

మర దగ్గరవుతుంటే వినిపించింది— ఫిడేలు!

‘గిబ్బీగాడు!’ అనుకున్నాడు పళ్ళు బిగించి. అవతలి రేవులో ఫిడేలు పట్టేవాడు గిబ్బీ ఒక్కడే. నాలుగూళ్ళ ఆడపిల్లలు వాడి కమాను చూసి మురిసిపోతారు. ఆ దొంగసచ్చినోడే ఇక్కడ...

గోడకి చెవి ఆనించాడు.

బాణీ కిందిస్థాయిలో మొదలై, తల్లి జోకొట్టినట్టు రెండుసార్లు తిరిగింది. ఆగింది. మరుక్షణం ఎవరో నవ్వినట్టు పైకెగిరింది... అంత వేగం, అంత తీపి! అతని చేతివేళ్ళు వాటంతటవే కదిలాయి. వాడి వాయింపు మీద కూడా అసూయ పుట్టింది.

ఒక్క తన్నుతో తలుపు తీశాడు.

"ఏడీ వాడు?"

లోపల ఓస్లా ఒక్కతే! లాంతరు పక్కన తిరగలిరాయి మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాత ఫిడేలు.

"ఎవడు?"

"గిబ్బీ!"

ఆమె తెల్లబోయి చూసి, తరవాత పకపకా నవ్వింది. "ఓరి నీ అనుమానం పాడుగాను! ఇది మా నాన్న ఫిడేలు. ఆడది కమాను పడితే పడవకి అరిష్టమని నువ్వే కదయ్యా ఎగిరావు? ఇంట్లో వాయిస్తే ఊరుకుంటావా?"

రాస్మీ తల వాలిపోయింది. వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఇక ఇంట్లోనే వాయించుకో," అన్నాడు మెల్లగా. "పడవ సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆ రెండో భాగం ఉంది చూడు... అలా నేనే వాయించలేను. ఎవరు నేర్పారు?"

ఓస్లా నవ్వు ఆగిపోయింది.

"రెండో భాగమా? నాకు మొదటిదే కుదిరింది. అక్కడితో ఆగిపోతాను రోజూ." ఆమె గోడవైపు చూసింది. "ఇవాళ గోడవతల నుంచి అందుకున్నది... నువ్వు కాదూ?"

రాస్మీ తన చేతులకేసి చూసుకున్నాడు. ఖాళీ చేతులు. అతని ఫిడేలు ఇంట్లో గోడకి వేలాడుతోంది.

ఇద్దరూ చెవులొగ్గారు. చెక్కల కింద నీళ్ళ చప్పుడు... అంతే.

తరవాత, సరిగ్గా వాళ్ళ పాదాల కింద, ఎవరో మడమతో తాళం వేశారు.

టక్... టక్... టక్...

మళ్ళీ మొదలుపెట్టమన్నట్టు.