ధవళపురిలో నూరువరహాల కొమ్మ

పిల్లలూ, గోడలూ గడపలూ చివరికి మొక్కల మొదళ్లూ సున్నంతో మెరిసిపోయే ఊరొకటి ఉండేది. దాని పేరు ధవళపురి. ఆ ఊళ్లో సున్నం కొట్టనివి ఆవుదూడలు మాత్రమేనని పొరుగువాళ్లు ఎగతాళి చేసేవారు. సున్నపు బట్టీలకు కట్టెలు కావాలని రాజు కొండమీది అడవినంతా నరికించాడు. ఆ అడవిని ఏలే ధూమ్రకేశి అనే రాక్షసికి కడుపు మండిపోయింది.

"నా అడవిలోని నూరువరహాల పూలు మీ కోటవాకిట్లో పూసిననాడే మీకు మెలకువ" అని ఆమె శపించింది. ఊరు ఊరంతా ఉన్నవాళ్లు ఉన్నట్టే నిద్రలోకి జారిపోయారు.

ఆ గొంతు ఊరి బయట ఏటి ఒడ్డున ఉన్న నాంచారి అనే పిల్లకు వినిపించింది కానీ, శాపం అంతదూరం తగల్లేదు. బట్టీలో కాల్చడానికి నత్తగుల్లలు ఏరుతున్న ఆ పిల్ల పరుగెత్తుకొచ్చేసరికి, తల్లి పైడమ్మ కోటవాకిట్లో సున్నం కుంచె పట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. ఎంత కుదిపినా లేవలేదు. నాంచారి తల్లి ఒడిలో తలపెట్టి ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, కొండ అవతల మిగిలిన అడవికి బయలుదేరింది.

అడవి మొదట్లోనే ఒక ఎలుగుబంటి దారికడ్డంగా నిలబడింది.

"మామా, దారియ్యి" అంది నాంచారి.

"ఇస్తాను. ఈ అడవిలో నాతో మాట్లాడేవాళ్లు లేరు పిల్లా. పొద్దువాలేదాకా కబుర్లు చెప్పి పో."

నాంచారి తన ఊరి కబుర్లన్నీ చెప్పింది. ఎలుగుబంటి మట్టిలో బొజ్జ ఆనించి బుద్ధిగా విని, దారిచ్చింది.

అడవి లోపల ధూమ్రకేశి నూరువరహాల పొద పక్కనే కూర్చుని ఉంది. "కొమ్మ కోసుకో. మరీ లేతది వద్దు, ముదురుదీ వద్దు. కణుపు కింద కొయ్యి. వేరు పట్టేదాకా నీడలో పెట్టు, తరవాత పొద్దుటెండ చూపించు. కానీ పోయేటప్పుడు వెనక్కి తిరిగావో, కొమ్మ బూడిదైపోతుంది" అంది.

నాంచారి కొమ్మ కోసుకుని నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి తల్లి గొంతు వినిపించింది. "నాంచారీ, అన్నం చల్లారిపోతోందే. రావే తల్లీ."

అంత దిగులు ఆ పిల్ల ఎన్నడూ ఎరగదు. అయినా తిరిగి చూడకుండా ఏడుస్తూనే నడిచింది.

కోటవాకిట్లో కొమ్మ నాటి, ఊరి అలవాటు ప్రకారం చుట్టూ శుభ్రంగా సున్నం కొట్టి, బావినీళ్లు పోసింది. కొమ్మ వేరు పట్టింది. ఆకులు మాత్రం పసుపుపచ్చగా పాలిపోయి, ఈనెలు ఒక్కటే ఆకుపచ్చగా మిగిలాయి. మొక్క చచ్చిపోతే అమ్మ ఇక లేవదు.

బట్టీవాళ్ల పిల్ల కదా, ఏ మట్టి పనికొస్తుందో నాలుకతో చూడటం దానికి చిన్నప్పటి అలవాటు. పాదులోని మట్టి కాస్త తీసి నాలుకకు తాకించింది. సున్నం చుర్రుమంది. అడవిమట్టి ఎలా ఉంటుందో చూద్దామని మళ్లీ ఎలుగుబంటి దగ్గరికి వెళ్లింది. కుళ్లిన ఆకుల కింది మట్టి కాస్త పుల్లగా తగిలింది. ఆ రోజూ కబుర్లు చెప్పి, ఆ మట్టి గంపకెత్తుకుని వచ్చింది.

అడుగున చిల్లున్న కుండను సున్నం వాసన పోయేలా తోమి, అందులో ఆ మట్టి నింపి, వాకిట్లోనే మొక్కను మార్చింది. బావినీళ్లలోనూ సున్నమేనని, చూరు కింద వాననీళ్లు పట్టి అవే పోసింది. నెమ్మదిగా కొత్త చిగుళ్లు వచ్చాయి. పొద గుబురుగా పెరగాలని మనసు చంపుకుని ఆ కొసలు తుంచింది.

వానాకాలాలు వచ్చిపోయాయి. ఊరంతా మనుషులున్నా పలికే మనిషి లేడు. నాంచారి మొక్కతోనే మాట్లాడేది. రోజూ తల్లి ముఖం మీది దుమ్ము తుడిచేది.

ఒకనాటి ఉదయం మొక్క గుత్తి నిండా ఎర్రగా పూసింది. ఊరంతా మేలుకుంది. పైడమ్మ చేతిలోని కుంచె కదిలింది.

"ఎవరమ్మా నువ్వు? మా నాంచారి కనబడిందా? గుల్లలకని పొద్దున ఏటికి పోయింది, ఇంకా రాలేదు."

తను తల్లి కంటే ఎత్తు పెరిగిందని నాంచారికి అప్పుడే తెలిసింది. గుల్లలు కోసిన మచ్చలతో ఉన్న తన వేళ్లను చాచింది. పైడమ్మ ఆ వేళ్లు పట్టుకుని చాలాసేపు చూసి, కూతుర్ని గుండెకు హత్తుకుంది.

కాసేపటికి కళ్లొత్తుకుని, "అయ్యో, ఇంత చక్కటి కుండకు సున్నం కొట్టలేదేమే?" అంటూ కుంచె ఎత్తింది. నాంచారి ఆ చేయి గట్టిగా పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది.

రాజు బట్టీలు మూయించి, కొండమీద మళ్లీ అడవి పెంచే పెత్తనం నాంచారికే అప్పగించాడు. మొదటిరోజు మొక్కలు నాటేముందు ఆ పిల్ల ఎలుగుబంటికి కబుర్లు చెప్పడానికి బయలుదేరింది. ఈసారి పైడమ్మ కూడా వెంట వెళ్లింది.