ఆపరేషన్ గుండు–బద్ద

"ఆదివారం, పదకొండు గంటలు. పలాసలో కొత్త కాఫీ షాప్. క్రియేటివ్ బ్రంచ్ అట. టిఫినూ కాని, భోజనమూ కాని తిండి తింటూ బొమ్మలు చేస్తారు." ఫోన్‌లో చీఫ్ లోకనాథం గొంతు.

"టార్గెట్?" అడిగాడు ఏజెంట్ ఈశ్వర్.

"ఓనర్ శ్రీకర్. విదేశీ ముఠా మనిషి. ముఠా పడవ గుట్టు మనకి చెప్పింది బారువ జాలరి పోలారావేనని వాడికి తెలిసిపోయింది. ఆ పేరు పైకి చేరితే పోలారావు సాయంత్రం దాకా బతకడు. ఫోన్లు, మెయిల్స్ మన నిఘాలో ఉన్నాయి. వేరే దారి వెతుక్కుంటాడు. దాన్ని మూసెయ్."

"లోపల మనవాళ్లు?"

"మోహిని. తన మనిషే అనుకుంటున్నాడు శ్రీకర్."

ఈశ్వర్‌కి ఆ ఆఖరి మాట నచ్చలేదు.

పదకొండింటికి జీడిపప్పు వ్యాపారి వేషంలో, కెమెరా కళ్లజోడుతో కూర్చున్నాడు. ఎదుటి టేబుల్ దగ్గర ఎర్ర షిఫాన్ చీరలో మోహిని. శ్రీకర్ చీటీ చూసి చెబుతున్నాడు. ఆమె నల్ల అట్ట మీద జీడిపప్పు అంటిస్తోంది. వాడేదో అన్నాడు. పకపకా నవ్వింది.

"పంచదార తక్కువ," ఈశ్వర్ కోడ్ వర్డ్ విసిరాడు.

మోహిని అతన్ని చూసింది. అట్టని చూసింది. మళ్లీ అతన్ని. ఈశ్వర్‌కి ఆమె మొహం తప్ప ఇంకేమీ కనిపించలేదు. అప్పుడామె శ్రీకర్ చెయ్యి పట్టుకుని అట్ట మీదకి లాగింది.

నాలుగేళ్లు కలిసి పనిచేసినా ఈశ్వర్ చెయ్యి ఒక్కసారీ పట్టుకోలేదు! కళ్లల్లో నిప్పులు పోసుకుని ఆ చేతినే చూశాడు. దాని కింద ఉన్నదీ అప్పుడే చూశాడు.

విరగని గుండుపప్పునీ, సగానికి విడిపోయిన బద్దనీ పలాసలో ఎవరూ కలపరు. మిల్లుల్లో ఆడవాళ్లు పొద్దస్తమానం కూర్చుని వేరు చేసేది అందుకే. ఇక్కడ మాత్రం మొదటి వరస బద్ద, గుండు, గుండు, బద్ద. రెండోది మూడు గుండ్లు. బద్ద చుక్క, గుండు గీత. మోర్స్ కోడ్! పి, ఓ, ఎల్...

"షాప్ ఆన్‌లైన్ పేజీలో ఫోటో పెడదాం," శ్రీకర్ ఫోన్ పైకెత్తాడు.

ఈశ్వర్ ఒక్క ఉదుటున టేబుల్ మీద పడ్డాడు. "ఏటి బాబూ ఇది! గుండూ బద్దా కలిపేత్తారేటి? పరువు పోద్ది!" జిగురు ఆరని పప్పుల్ని పరపరా ఊడబీకి గుండ్లు ఇటు, బద్దలు అటు పోశాడు. ఫోన్ క్లిక్‌మంది. ఫోటోలో ఖాళీ అట్ట.

శ్రీకర్ చెయ్యి నడుం దగ్గరి పిస్టల్ మీదకి వెళ్లింది. మరుక్షణం ఆ చేతి మీద మోహిని కప్పులోని వేడి కాఫీ పడింది. ఈశ్వర్ బేడీలు వేశాడు.

"పోలారావు సేఫ్," చీఫ్‌కి చెప్పి ఫోన్ పెట్టేశాడు. మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

"ఎన్నిసార్లు అట్ట సూడమని సైగ సేసినా నా మొహమే సూత్తన్నావు. అందుకే ఆడి సెయ్యి పట్టుకున్నాను బావా," అంది మోహిని.

"సెయ్యి డ్యూటీయే. మరి ఆ నవ్వు?"

మోహిని చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"అది ఓవర్‌టైమ్."