ఎడమ మడ్‌గార్డు సొట్ట

ఆ లారీని కడగడం తప్పు. అందులో వాదన లేదు.

నాలుగు నెలల పని అది. జానెడున్నర పొడవున్న ప్లాస్టిక్ లారీ. అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. పెట్టెలో వచ్చినవి ఏదో విదేశీ లారీ ముక్కలు. వెంకటసుబ్బారావు దాని పొడుగాటి ముక్కు కోసేసి, పల్చటి ప్లాస్టిక్ రేకుతో మన లారీ మూతి కట్టాడు. వెనక తొట్టికి కత్తిమొనతో గీతలు గీసి చెక్క పలకల్లా చేశాడు. నుదుటి బోర్డు మీద నాలుగు వెంట్రుకల కుంచెతో ‘రావమ్మ’ అని రాశాడు. రావమ్మ ఆయన భార్య. పోయి రెండేళ్ళయింది. ఆ పేరున్న లారీని ఆయన ఇరవై రెండేళ్ళు నాగపూర్ రోడ్డు మీద తోలాడు.

రంగు వేశాక దుమ్ము పని. మెరిసే రంగుతో వదిలేస్తే అది బొమ్మ. దుమ్ము పడితేనే బండి. ఆటోనగర్ రోడ్డు మట్టి తెచ్చి, ఎండబెట్టి, పల్చటి గుడ్డలో జల్లించి, కుంచెతో అద్దాడు. తుప్పు మరకలు స్పాంజి ముక్కతో పెట్టాడు. టైర్లకు నల్లమట్టి పూశాడు. పైన ఒక పూత వార్నిష్ కొడితే అంతా అలాగే నిలిచిపోతుంది. కానీ వానాకాలం చెమ్మలో కొడితే ఆ వార్నిష్ పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. ఒక్క పొడి రోజు కోసం వారం నుంచి ఆకాశం చూస్తున్నాడు. రంగుల వాసనకు తల నొప్పి వస్తోందని కోడలు అంటే, లారీని తెచ్చి బాల్కనీలో బల్ల మీద పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్ళాడు. బల్ల ఖాళీగా ఉంది. లారీ కొళాయి గట్టు మీద, మడత పెట్టిన తువ్వాలు మీద ఆరుతోంది. నిగనిగలాడుతోంది. బంపరుకు పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

“సింధూరీ!”

కోడలు వంటింట్లోంచి అట్లకాడతోనే వచ్చింది. “ఏంటి మామయ్యగారూ?”

“దీన్ని ముట్టుకుందెవరు?”

“నేనేనండీ. శుక్రవారం కదా. కింద స్కూటీ కడిగొచ్చి, దీన్ని కూడా...”

“దేంతో కడిగావు?”

“గిన్నెల సబ్బుతో. మెత్తగానే తోమాను. చక్రాలేమీ ఊడలేదు.”

“చక్రాలూడలేదా! ఎంత పుణ్యం చేసుకున్నానో! నాలుగు నెలలమ్మా. నాలుగు నెలలు కూర్చుని పెట్టిన దుమ్ము అది.”

“దుమ్ము... పెట్టారా?”

“లేకపోతే దానంతటదే నాగపూర్ పోయొచ్చి పట్టించుకుందా?”

స్నానం చేసి తల తుడుచుకుంటూ కొడుకు జయకృష్ణ వచ్చాడు. వాడికి ఆటోనగర్లో లారీ విడిభాగాల దుకాణం ఉంది. ఇద్దరి మొహాలూ చూశాడు. లారీని చూశాడు.

“పోన్లే నాన్నా. మళ్ళీ పూసుకో. ఆటోనగర్లో దుమ్ముకేం కరువు? సాయంత్రం ఒక సంచీ తెస్తాను.”

నవ్వింది వాడొక్కడే.

“సంచీ తెస్తావా? తుప్పు కింద ఒక రంగు, పైన ఒక రంగు, దాని మీద మట్టి. పొర మీద పొర. సబ్బు పెట్టి తోమితే అడుగు రంగు కూడా లేచిపోయింది. బోల్టులమ్ముకునేవాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయిలే.”

“ఒక బొమ్మ కోసం పొద్దున్నే ఇంత రాద్ధాంతమా?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెంకటసుబ్బారావు కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసి తన గదిలోకి వెళ్ళాడు. బిస్కెట్ల డబ్బాలో చిన్న ఆకురాళ్ళు, పట్టకారు, బ్లేడ్లు, కుంచెలు సర్దాడు. సంచీలో రెండు పంచెలు, మందులు పెట్టుకున్నాడు. మొదటి పెట్టె ఫోన్లో వెతికి తెప్పించింది సింధూరే. రావమ్మ పోయాక ఆయన నెలల తరబడి గోడ చూస్తూ కూర్చుంటే, చేతులకు పని ఉంటే మనసు కుదుటపడుతుందని తెప్పించింది. అది ఆయనకు గుర్తుంది. గుర్తున్నా సంచీ జిప్పు లాగాడు.

“ఎక్కడికి నాన్నా?”

“ఉయ్యూరు. మా అక్క దగ్గరికి. అక్కడ నా వస్తువు పెట్టినచోట పెట్టినట్టు ఉంటుంది.”

“అత్తకే కళ్ళు సరిగ్గా కనపడవు. ఆవిడ నీకేం వండిపెడుతుంది?”

“కనపడకపోతే మరీ మంచిది. కడగదు.”

“వెళ్ళి ఎన్నాళ్ళుంటావు?”

“తిరిగొస్తానని ఎవరన్నారు?”

జయకృష్ణ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. “సింధూ, నువ్వైనా సారీ చెప్పవే.”

సింధూరి స్టవ్ ఆపి వచ్చింది. లారీ రెండు చేతుల్లో ఉంది, పసిబిడ్డను పట్టుకున్నట్టు.

“అడక్కుండా కడిగాను, తప్పే. దుమ్ము మీరు పెట్టిందని నాకు తెలీదు. అత్తయ్య పేరున్న బండిని శుక్రవారం పూట బురదతో ఉంచడానికి మనసొప్పలేదు. మీరు వెళ్తానంటే ఆపను మామయ్యగారూ. ఒక్కటి చెప్పి వెళ్ళండి. ఎడమ మడ్‌గార్డుకు ఈ సొట్ట మీరు పెట్టిందేనా?”

“నేను పెట్టిందే. చెంచా వేడి చేసి నొక్కాను.”

“మట్టి పోయాక కనిపించింది. ఏ ఊళ్ళో పడిన సొట్ట?”

“ఏదో ఊళ్ళో. లారీ అన్నాక ఎక్కడో ఒకచోట తగులుతుంది.”

“సూర్యాపేట దాటాక, కల్వర్టు గోడకు.”

వెంకటసుబ్బారావు చేతిలోంచి సంచీ జారింది.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామున రెప్పపాటు కునుకు పట్టింది. బండి ఎడమకు లాగింది. పక్క సీట్లో కాలు తలుపు బయటికి వేలాడేసి కూర్చున్న క్లీనర్ శౌరయ్య కాలు కల్వర్టు గోడకూ మడ్‌గార్డుకూ మధ్య నలిగింది. అప్పుడు శౌరయ్యకు పాతికేళ్ళు. లోడు మీదికి ఎక్కబోయి జారిపడ్డాడని వెంకటసుబ్బారావు ఊరంతా చెప్పాడు. అప్పట్లో కాపురం కంకిపాడులో. శౌరయ్యను ఆసుపత్రిలో దించి, ఊరు రాకముందే బండి ఆపి, కాలవ గట్టు బురద తీసి సొట్ట మీద మందంగా మెత్తాడు. రెండోరోజే షెడ్డుకు తీసుకెళ్ళి సరిచేయించాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

“నీకెవరు చెప్పారు?”

“అత్తయ్య.”

“మీ అత్తకెలా తెలుసు?”

“ఆ సాయంత్రం బండి కడిగిందిగా మామయ్యగారూ.”

కింద వీధిలో కూరగాయల బండివాడు దొండకాయలు, దొండకాయలు అని అరుస్తూ పోయాడు.

“ట్రిప్పు నుంచి రాగానే అత్తయ్య బండి కడిగేది పసుపు పెట్టడానికే అనుకున్నారా? నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు అడిగాను, ఇంత పెద్ద బండి మీరే ఎందుకు కడిగేవారు, క్లీనరున్నాడుగా అని. ‘మీ మామయ్య నోరు విప్పరే అమ్మాయ్. దారిలో ఏమైందో బండే చెప్పాలి. చెయ్యి పెట్టి తోమితే ఎక్కడ గీరుకుందో, ఎక్కడ తగిలిందో తెలుస్తుంది’ అన్నారు. ఆ బురద రోడ్డు బురద కాదని చేత్తో ముట్టుకోగానే తెలిసిందట. చేత్తో మెత్తింది వేరు, చక్రం చిమ్మింది వేరు కదా.”

“నన్నొక్క మాట అడగలేదు!”

“మీరు చెప్తారని చూశారు.”

“ఎన్నాళ్ళు చూసింది?”

సింధూరి లారీని మంచం మీద పెట్టింది.

“మూడు నెలలకోసారి కంకిపాడులో శౌరయ్యగారింటికి బియ్యం బస్తా వెళ్తుంది మామయ్యగారూ. అత్తయ్య మొదలుపెట్టారు. మంచాన పడ్డాక నాకు అప్పజెప్పారు. నేను పుట్టింటికి వెళ్తున్నానని చెప్పి స్కూటీ మీద వేసుకెళ్ళేది అదే.”

జయకృష్ణ భార్య వైపు చూశాడు. “నాకు కూడా చెప్పలేదేంటి నువ్వు?”

“మీరు కడుపులో మాట దాచుకునే మనిషేనా?”

వెంకటసుబ్బారావు మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. “శౌరయ్యకు తెలుసా? నేను నిద్రపోయానని?”

“పక్క సీట్లో ఉన్న మనిషికి తెలీదా?”

“మరి ఎవరితోనూ అనలేదేం?”

“అత్తయ్య అడిగారట. సూర్యాపేట దాటాక గోడకు తగిలిందని ఒక్కటే చెప్పి, ఆపైన ‘అన్నం పెట్టిన మనిషి చెప్పనిది నేనెందుకు చెప్తానమ్మా’ అన్నాడట.”

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ముప్పై ఏళ్ళుగా ఆయన శౌరయ్య ఉన్న వీధిలోకి వెళ్ళలేదు. దారి మళ్ళించుకుని చుట్టూ తిరిగి పోయేవాడు. తనొక్కడే మోస్తున్నానని అనుకున్న బరువును ఇంట్లో ఆడది, అవతల కుంటివాడు కూడా మోశారు. ఒక్క మాట అనకుండా మోశారు. ఒక్కసారి తిట్టినా బాగుండేది.

మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు. “బస్తా ఎప్పుడు?”

“ఎల్లుండి. ఆదివారం.”

“ఆటో మాట్లాడు. నేనూ వస్తా.”

“ముందు ఉప్మా తినండి. చల్లారిపోయింది.”

“చల్లారిందే పెట్టు.”

శనివారం ఎండ కాసింది. వెంకటసుబ్బారావు లారీని బాల్కనీలోకి తీసుకెళ్ళి వార్నిష్ కొట్టాడు. దుమ్ము మళ్ళీ పూయలేదు.

ఆదివారం శౌరయ్య ఇంటి ముందు ఆటో ఆగింది. శౌరయ్య కర్ర పొడుచుకుంటూ గేటు దాకా వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. “రండి గురువుగారూ” అన్నాడు, నిన్న సాయంత్రం బండి దిగినట్టు. ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సింధూరి, శౌరయ్య భార్య వరండాలో బస్తా పక్కన కూర్చున్నారు. లోపలి నుంచి వెంకటసుబ్బారావు ఏడుపు వినిపించింది. శౌరయ్య గొంతు ఒక్కసారే వినిపించింది. “లేవండి గురువుగారూ, కాళ్ళు పట్టుకోవడం ఏంటండీ, లేవండి.”

శౌరయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సింధూరి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం అయింది. జయకృష్ణ తలుపు తీశాడు. తండ్రి ఎర్రటి కళ్ళు చూసి, నీళ్ళ గ్లాసు అందించాడు.

“ఏమన్నాడు నాన్నా శౌరయ్య?”

వెంకటసుబ్బారావు నీళ్ళు తాగాడు. గ్లాసు కొడుకు చేతికిచ్చాడు.

“చెప్పాల్సిన మనిషికి చెప్పాను. వినాల్సిన ఇంకో మనిషి లేదు. బతికున్నంతవరకు ఈ మాట మళ్ళీ నా నోట రాదు. మీరూ అడగొద్దు.”