బలం గోలీలు

2007 మే నెల. సూర్యాపేట బైపాస్ మీది హోటల్లో రెడ్యా టీ చెప్పాడు. ఎదురు కుర్చీలోని మనిషి పేపర్‌లోంచి తలెత్తకుండా అడిగాడు.

"బియ్యం సన్నమా, దొడ్డా?"

"నూకలు."

కోడ్ సరిపోయింది. పేపర్ దిగింది. చీఫ్ జోసెఫ్.

"మిర్యాలగూడలో ఒక ప్రైవేటు క్లినిక్. నడిపేది డాక్టర్ క్లౌస్, విదేశీ ముఠా మనిషి. పైకి క్లినికల్ ట్రయల్. లోపల కొత్త విషం. రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఎంత డోసుకి మనిషి పోతాడో తేలగానే ఫార్ములా అమ్మేస్తాడు."

"ప్రయోగం ఎవరి మీద?"

"రైస్‌మిల్లు కూలీల మీద. సగం మందికి విషం, సగం మందికి ఉత్త పిండి మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో పేషెంటుకీ తెలీదు, నర్సుకీ తెలీదు. డబుల్ బ్లైండ్ అంటారు. ఇవాళ ఇద్దరు ఆడవాళ్లను వార్డులో పెట్టి పెద్ద డోసు ఇచ్చాడు. అందులో ఒక్కరికే విషం."

"ఇదంతా మనకెప్పుడు తెలిసింది?"

జోసెఫ్ టీ ఊదుకున్నాడు. "మూడు నెలలైంది. సాక్ష్యం కావాలి కదా."

రెడ్యాకు ఒళ్లు మండిపోయింది. మనుషుల్ని ఎరగా వేస్తే క్లౌస్‌ది నేరం, మనది ప్రొసీజర్! చీఫ్ ఒక పెన్ను చేతిలో పెట్టాడు. క్యాప్ తీస్తే సూది, లోపల ఒక్క డోసు విరుగుడు.

"విషం ఎక్కిన మనిషికిస్తే బతుకుతుంది. ఎక్కని మనిషికిస్తే రక్తం గడ్డకట్టి చస్తుంది. ఎవరికన్నది క్లౌస్ జాబితా చూసే తారా చెబుతుంది. క్లౌస్ దగ్గరా, మన దగ్గరా రెండు చోట్లా జీతం తీసుకుంటోంది."

సాయంత్రానికి రెడ్యా మెడలో టై, చేతిలో శాంపిల్ బ్యాగుతో మెడికల్ రిప్రజెంటేటివ్ అయిపోయి క్లినిక్‌లో దిగాడు. నల్లద్దాలు, నెమలికంఠం రంగు చీర, సెంటు వాసన. ఎదురొచ్చింది తారా, కోదాడ పిల్ల.

"రెండో మంచం. పేరు సుగుణ. విషం ఆమెకే," అంది గుసగుసగా. "మొదటి మంచం పిచ్చమ్మది పిండి మాత్ర."

"గీ ట్రయల్‌కు వీళ్లెట్ల ఒప్పుకున్నరు?"

"ట్రయలంటే ఎవరొస్తారండీ? బలం గోలీలని చెప్పాను. పరిగెత్తుకుంటూ వచ్చారు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె పెదాల మీది రంగు కూడా చెదరలేదు.

"హాండ్సప్!"

గుమ్మంలో క్లౌస్, చేతిలో పిస్టల్. రెడ్యా శాంపిల్ బ్యాగు విసిరాడు. పిస్టల్ ఎగిరి నేల మీద పడింది. తారా దాన్ని చెప్పుకాలితో తొక్కిపట్టింది. ఎవరు గెలుస్తారో చూసుకునే తొక్కింది. మరో రెండు గుద్దులకు క్లౌస్ గోడకి జారబడ్డాడు.

రెడ్యా వార్డులోకి పరిగెత్తాడు. రెండో మంచం మీద సుగుణ. జబ్బ పట్టుకున్నాడు. సూది చర్మానికి తగిలింది.

"జర ఆగు సారూ! సూది నాకెందుకు?"

"నువ్ మింగిన గోలీలకు విరుగుడు."

"నేనేడ మింగిన? పిచ్చమ్మత్త మిల్లుల ఎండకు ఉప్పుడు వడ్లు కాళ్లతోని తిప్పి తిప్పి సొమ్మసిల్లి పడుతుండె. బలం గోలీలంటిరి గదా. నర్సమ్మ అటు తిరగంగనే నావన్నీ అత్తకే ఇచ్చిన. పొద్దుగాలటిది సుత."

రెడ్యా సూది వెనక్కి లాగాడు. పక్క మంచం మీద పిచ్చమ్మ ముక్కు తుడుచుకుంటోంది. కొంగంతా ఎరుపు.

"వేడి చేసింది బిడ్డా. జర మజ్జిగ దొరుకుతదా?"

ఒక్క అంగలో వెళ్లి ఆమె జబ్బలో సూది దించాడు. చీకటి పడే వేళకి రక్తం ఆగింది. ఒక అబద్ధానికి కాస్త మంచితనం తోడైతే చాలు, మనిషి చావడానికి. రెడ్యాకు ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

తెల్లవారి పైనుంచి ఫోన్లొచ్చాయి. క్లౌస్‌ను మర్యాదగా విమానం ఎక్కించారు. తారాకు ప్రమోషన్. రెడ్యాకు మాత్రం ఒక కాగితం, పిచ్చమ్మతో వేలిముద్ర వేయించుకు రమ్మని.

పిచ్చమ్మ బొటనవేలు ఇంకుకి ఆనించి ఆగింది. "ఏం రాసిండ్రు బిడ్డా గిందుల?"

ఆమెకు కాగితం చదివి చెప్పమని ఎవరూ అనలేదు. అయినా చదివాడు.

"నీకేం కాలేదని రాసిండ్రు అవ్వా."

"అట్లనా?" పిచ్చమ్మ ముక్కులోని దూది తీసి చూసుకుంది. "మరి అయ్యింది ఎవ్వలికి బిడ్డా?"