ఊఁ కొట్టిన పంపు

అనగా అనగా అని నేను మొదలుపెడతాను. ఊఁ కొట్టగలిగినవారు కూర్చోండి, కొట్టలేనివారు ఇప్పుడే లేచి వెళ్లండి. సగంలో మాత్రం ఊరుకోకండి.

మా అమ్మమ్మకు కథల విషయంలో రెండు నియమాలు ఉండేవి. పగటిపూట కథ చెప్పకూడదు. చెబితే దారిన పోయేవారు దారి తప్పుతారు. ఊఁ కొట్టేవారు ఉన్నంతవరకు కథ ఆపకూడదు; ఆ ఊఁ ఆగిపోతే మరొక్క మాట చెప్పకూడదు. ఇరవై ఏళ్లు ఆమె పక్కన పడుకుని ఊఁ కొట్టినదాన్ని నేనే.

మొన్న మే నెలలో, వీరులపాడు అవతల మా ఊళ్లో, ఆమెకు వడదెబ్బ తగిలింది. నందిగామ ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి మా అన్న బెన్ని తన కారు తెచ్చాడు. అన్నకు జగ్గయ్యపేటలో మెకానిక్ షెడ్డు ఉంది. ఆ పాత డీజిలు కారుకు ఇంజినును చల్లబరిచే, బెల్టుతో తిరిగే నీళ్ల పంపు తీసేసి, కరెంటు పంపు బిగించి వారమైంది. ఆ వారం రోజులూ అతని నోట వేరే మాట లేదు.

"పాతదైతే ఇంజిను ఆగగానే నీళ్లూ ఆగిపోతాయి. ఇది బ్యాటరీ మీద తిరుగుద్దే, మహిమా. బండి ఆపినా సరే, వేడి తగ్గేదాకా నీళ్లు తిప్పుతానే ఉంటది."

"అంబులెన్సుకి ఫోన్ చేద్దాం అన్నా."

"అది వచ్చేలోపు మనం నందిగామలో ఉంటాం. నా బండంటే అంత లోకువా నీకు?"

పన్నెండు దాటింది. దారికి ఇరువైపులా పత్తికట్టె పీకేసిన నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. మనిషి లేడు, కాకి లేదు. కరుగుతున్న తారు వాసన కారు లోపలికి వస్తోంది. అమ్మమ్మ తల నా ఒడిలో ఉంది. నుదురు కాలిపోతోంది, చెమట చుక్కయినా లేదు. మా వద్ద ఉన్నది ఒకే ఒక్క నీళ్ల సీసా. అందులోంచి మూతతో కొంచెం కొంచెంగా ఆమె పెదవులు తడుపుతున్నాను.

ఎనిమిది కిలోమీటర్లు వెళ్లామో లేదో ఇంజిను వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకింది. అన్న బండి పక్కకు తీసి ఆపాడు. ఇంజిను ఆగింది. ఆ నిశ్శబ్దంలో, బానెట్ కింద నుంచి సన్నని శబ్దం ఒకటి సాగింది.

ఊఁ...

"అదే పంపు. రెండు నిమిషాల్లో చల్లబరుస్తది చూడు," అన్నాడు అన్న గర్వంగా.

పది నిమిషాలు గడిచాయి. ముల్లు దిగలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. అన్న దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగి టైరును తన్నాడు. అతని మీద, ఆ బండి మీద, అతని మాట విని కూర్చున్న నా మీద నాకు పళ్లు కొరికేంత కోపం వచ్చింది.

అప్పుడు అమ్మమ్మ కళ్లు తెరవకుండానే పలికింది.

"అనగా అనగా ఒక ముసల్ది."

ఊఁ...

"పగలు చెప్పకూడదన్నావుగా అమ్మమ్మా! మాట్లాడకు, నోరెండిపోద్ది."

"నువ్వు కొట్టకపోతే ఏం, వాడు కొడుతున్నాడుగా. ముసల్దానికి ఎండదెబ్బ కొట్టింది. మనవడూ మనవరాలూ బండెక్కించారు."

ఊఁ...

అప్పుడు గమనించాను. పంపు ఎడతెగకుండా మోగడం లేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపు ఆగుతోంది. మాట పూర్తికాగానే మోగుతోంది.

అన్న బానెట్ ఎత్తి, చేతికి గుడ్డ చుట్టి, ఇంజిను నీళ్ల డబ్బా మూత తిప్పాడు. లోపల చుక్క లేదు. కింద నేల మీద కారిన తడి కూడా లేదు.

"సీసా ఇలా ఇయ్యి."

"ఇవి అమ్మమ్మకి!"

"బండి కదలకపోతే ఈ కాసిని నీళ్లు ఏం కాపాడతాయే? అక్కడికి చేరితే సెలైన్ ఎక్కిస్తారు. ఇయ్యి!"

"వాడికే పొయ్యండ్రా," అంది అమ్మమ్మ. "దాహంతో ఉన్నాడు. వినేవాడికి ఆమాత్రం పెట్టొద్దూ?"

అన్న సీసా మొత్తం ఒంపాడు. లోపల గుటక పడిన చప్పుడు. డబ్బాలో నీరు నిలవలేదు. అమ్మమ్మ గొంతు మాత్రం, తానే తాగినట్టు, తేటపడింది.

"ముసల్ది దారిలోనే పోయింది."

ఊఁ...

"ఊఁ కొట్టినవాణ్ని బండిలోంచి విప్పి, మనవడు షెడ్డు గదిలో అర మీద పెట్టి తలుపేశాడు."

ఊఁ...

"ఆ చప్పుడు ఆపన్నా!" అని అరిచాను. "అది ఆగితేగాని ఈమె ఊరుకోదు!"

అన్న ఫ్యూజు పీకాడు.

ఊఁ...

బ్యాటరీ తీగ విప్పాడు.

ఊఁ...

"ఒక మధ్యాహ్నం మనవరాలు వెళ్లి ఆ తలుపు తీసింది. తీసేసరికి లోపల..."

అన్న పంపు వైరు కత్తిరించాడు.

పంపు ఆగింది.

అమ్మమ్మ ఆగింది. నోరు తెరిచే ఉంది. తరువాతి మాట ఆ నోట్లోనే ఉంది.

"ఊఁ," అన్నాను నేను. "ఊఁ, అమ్మమ్మా... లోపల? చెప్పు... ఊఁ... ఊఁ..."

పావుగంట తరువాత మిరపకాయల బస్తాలతో ట్రాక్టరు వచ్చింది; అమ్మమ్మను అందులో ఎక్కించాం. నందిగామలో డాక్టరు ఆమె చేయి పట్టుకుని చూసి, మెల్లగా మంచం మీద పెట్టేశాడు.

అన్న ఆ పంపును విప్పి షెడ్డు గదిలో అర మీద పెట్టి తలుపు వేశాడు. పారేయమని బతిమాలాను. పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుని బిగించుకుంటారని అతని భయం. దానికి ఇప్పుడు వైరు లేదు, బ్యాటరీ లేదు, నీళ్లు లేవు.

నిన్న మధ్యాహ్నం అతనికి క్యారేజీ తీసుకుని జగ్గయ్యపేట వెళ్లాను. షెడ్డులో ఎవరూ లేరు. మూసిన తలుపు అవతల వినిపించింది.

ఊఁ...

తరువాత నిశ్శబ్దం. ఒక వాక్యం చెప్పడానికి పట్టేంత నిశ్శబ్దం.

ఊఁ...

నా చేయి గడియ మీదకు వెళ్లింది. తలుపు కింది నుంచి సన్నని నీటిచార ఒకటి వచ్చి నా పాదాన్ని తాకింది. చల్లగా ఉంది. చేయి వెనక్కి లాక్కున్నాను.

గడియ ఇంకా తీయలేదు. కథ నాకు ఇంతవరకే తెలుసు. దీన్ని నాకు మొదట చెప్పినది, ఈ తలుపు దాకా తెచ్చి వదిలినది, మా అమ్మమ్మ రత్తమ్మ.